చవక పిస్తోలు ఖరీదెంత?

మా మేనమామ సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చినవాడు. ఊరు కడప జిల్లా వీరపునాయునిపల్లె. నిరుడు వేసవిలో పోయాడు. కర్మకాండలు ముగియకముందే మేము చేయవలసివచ్చిన మొదటి పని, ఆయన పిస్తోలును, తూటాలను, లైసెన్సు పుస్తకాన్ని పోలీసు ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకోవడం. లైసెన్సు మనిషి పేరిట ఉంటుంది గాని ఇంటి పేరిట ఉండదు కదా. మనిషి పోయాక ఆ ఇనుప ముక్కను అనవసర ఆలస్యం లేకుండా అప్పగించాలి. ఆయుధాల చట్టంలో 21వ సెక్షను చెప్పేది అదే.

అది .32 బోరు పాత విదేశీ పిస్తోలు. సైన్యం తన వాడుకకు పనికిరాని నమూనాగా లెక్కగట్టి పక్కనబెట్టిన ఆయుధాలను తనవాళ్ళకే నామమాత్రపు ధరకు అమ్మే పద్ధతి ఒకటుంది. ఆ దారిన వచ్చింది. మామ దానిని కొన్న ధరకు ఆనాడు మా ఊళ్ళో ఒక మోస్తరు పాడి బర్రె వచ్చేది. ఆయన పోయిన పదిహేనో నాటికి దానికి పలికిన ధరకు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో ఒక పెళ్ళికూతురిని అలంకరించి పంపవచ్చు. అడగవచ్చినవాళ్ళలో ఒక పెద్దమనిషి నా భుజం మీద చెయ్యి వేసి చెప్పిన మాట ఇది: "ఒరే అల్లుడా, మిలిటరీ మాలు రా అది. ఇంగ నూరేండ్లైనా పేల్తాది. మీరేం చేసుకుంటారు? లైసెన్సు నాకుండాది, నాకిచ్చేయండి."

ఇంట్లో మూడు అభిప్రాయాలు లేచాయి. మా అత్తకు డబ్బు అవసరం. మనవరాలి చదువు మధ్యలో ఉంది. మామ కొడుకు, అంటే నాకు బామ్మర్ది వరస, డాలస్‌లో ఉంటాడు. వాడికి దానిని వారసుడిగా తన పేరిట మార్పించుకుని నాన్న గుర్తుగా దాచుకోవాలని ఉంది. నాకేమో దానిని ప్రభుత్వానికి శాశ్వతంగా వదిలివేయాలని ఉంది. ఈ మూడో అభిప్రాయానికి ఇంట్లో ఒక్క ఓటు కూడా పడలేదు. ఓడిన అభిప్రాయాన్ని నలుగురి ముందు పెట్టుకోవడం మనకు అలవాటే కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మా బామ్మర్ది వాదాన్ని, బలం తగ్గించకుండా, వాడి తరఫునే చెబుతాను. ఎదుటివాడి వాదాన్ని గడ్డిబొమ్మను చేసి కొట్టడం నాకు నచ్చదు.

వాడు ఆదివారాలు అక్కడి రేంజికి వెళ్ళి కాలుస్తాడు. కొత్త పిస్తోలు కొనలేని మధ్యతరగతివాడికి పాత సైనిక పిస్తోలే దిక్కు అంటాడు. యుద్ధానికని చేసినది కనుక గట్టిది. వేలల్లో, లక్షల్లో చేసినది కనుక విడిభాగాలకు కరువు లేదు. ఒక చరిత్ర కూడా ఉంది. అమెరికా సైన్యం 1911లో స్వీకరించి 1985లో బెరెట్టా వచ్చేదాకా వాడిన .45 పిస్తోళ్ళను అక్కడి పౌర గురికాల్పుల సంస్థ 2018 నుంచి పౌరులకు అమ్ముతున్నది. రష్యా వాళ్ళ తోకరేవ్, మకరోవ్ లాంటివి ఒకప్పుడు రెండు వందల డాలర్ల లోపే దొరికేవట. "అక్కడ కూలివాడు కూడా కొనుక్కోగలడు బావా. మన దేశంలో తుపాకి దొరలకే. 1878లో లిట్టన్ తెచ్చిన చట్టం భారతీయుల చేతిలోంచి ఆయుధం లాక్కుని తెల్లవాళ్ళను మినహాయించింది. 1931లో కరాచీ కాంగ్రెసు నిబంధనలకు లోబడి ఆయుధం ధరించడం పౌరుని హక్కు అని తీర్మానించింది. స్వాతంత్ర్యం వచ్చినాక ఆ తీర్మానం ఏమైంది? 1959లో పాత చట్టానికే కొత్త చొక్కా తొడిగారు. మన సైన్యం పాత పిస్తోళ్ళను కరిగించే బదులు పౌరులకు చవకగా అమ్మితే పేదవాడికి కూడా ఆత్మరక్షణ దొరుకుతుంది కదా?" అంటాడు.

ఇది తేలిగ్గా కొట్టివేయదగిన వాదం కాదు. ఇందులో సగం నిజం. లిట్టన్ చట్టం జాతి వివక్షతో కూడినదే. గాంధీజీ అంతటి అహింసావాది సైతం దానిని గట్టిగా నిందించాడు. ఇక నేటి సంగతి చూడండి. విదేశీ తుపాకుల దిగుమతి 1980 దశకం మధ్య నుంచి మామూలు పౌరుడికి మూసుకుపోయింది. 9 ఎం.ఎం., .38 వంటి సైనిక, పోలీసు బోర్లు నిషిద్ధాలు. మిగిలిన .32లో సర్కారు కర్మాగారం మహిళల కోసమంటూ 2014లో విడుదల చేసిన 'నిర్భీక్' రివాల్వరు వెల అప్పట్లో లక్షా ఇరవై రెండు వేల రూపాయల పైచిలుకు. ఆ ధరకు ఆత్మరక్షణ కొనగలిగే స్త్రీకి అప్పటికే కారు, డ్రైవరు, కాపలావాడు ఉండి ఉంటారు. రాత్రిపూట బస్సు దిగి ఒంటరిగా నడిచేది ఆవిడ కాదు. కాబట్టి మన తుపాకి చట్టం ఆచరణలో ధనవంతుడి పక్షాన ఉన్నదన్న మాటకు నేను తల ఊపుతాను.

కానీ అక్కడి నుంచి "కాబట్టి చవకగా అమ్మండి" అన్న మాటకు గెంతడమే నాకు మింగుడుపడని సంగతి.

మొదటి ఆక్షేపణ అంగడికి సంబంధించినది. చవకదనం వస్తువులో ఉండదు, దాని సమృద్ధిలో ఉంటుంది. అమెరికాలో పాత పిస్తోలు చవకగా ఉన్న రోజుల్లో అలా ఉండడానికి కారణం, దాని పక్కనే కొత్తవి కోట్లలో ఉండడం. అక్కడ కూడా ఆ చవకదనం నిలవలేదు. 2018లో ఆ .45 పిస్తోళ్ళకు పెట్టిన ధర 850 నుంచి 1,050 డాలర్లు, అప్పటి మారకంలో అరవై వేల రూపాయలకు తక్కువ కాదు. దొరికే లెక్కకు కూడా చట్టం ఏడాదికి పది వేలని హద్దు గీసింది. 2021లో రష్యా తూటాల కొత్త దిగుమతులకు అక్కడి ప్రభుత్వం అడ్డుకట్ట వేశాక చవక తూటా మాట కూడా పలచబడింది. ఇక మన దేశం సంగతి! ఇక్కడ ఉన్నది సమృద్ధి కాదు, కరువు. కరువులో వదిలిన ధాన్యం ఆకలిగొన్నవాడి కంచంలోకి చేరదు, గిడ్డంగిలోకి చేరుతుంది. మా మామ పిస్తోలు కథే సాక్ష్యం. సర్కారు దగ్గర బర్రె ధర, బయట బంగారం ధర.

ఇది మా ఇంటి అనుభవమే కాదు. సైన్యం ఇలా తనవాళ్ళకు చవకగా అమ్మిన ఆయుధాలను కొందరు అధికారులు రాజస్థాన్ సరిహద్దు ప్రాంతంలో బయటివాళ్ళకు లాభానికి అమ్ముకున్న వ్యవహారం 2000 దశకంలో బయటపడి సుప్రీంకోర్టు దాకా పోయింది. దేశాన్ని కాపాడే ప్రతిజ్ఞ చేసిన చేతులే చవకకూ ఖరీదుకూ మధ్య ఉన్న ఆ అగాధం ముందు నిలవలేకపోతే, మన పంచాయతీ పెద్దలు నిలుస్తారా? 2018లో బయటపడిన ముంగేరు కథ ఇంకా ఘోరం. జబల్‌పూర్ ఆయుధాగారంలో పనికిరావని పక్కనబెట్టిన ఎ.కె. 47ల భాగాలు బయటికి పోయి, తిరిగి అతికించబడి, బీహారు పల్లెల బావుల్లో తేలాయి. పట్టుబడినవాళ్ళలో ఆయుధాల మరమ్మతు చేసి విశ్రాంత జీవితం గడుపుతున్న మాజీ ఉద్యోగి ఒకడు. సైన్యపు మిగులుకు మన దేశంలో ఉన్న సహజమైన వాలు ఎటో చూపడానికి ఇంతకంటే ఉదాహరణ కావాలా?

రెండో ఆక్షేపణ మా సీమకు సంబంధించినది. దీనిని డాలస్ నుంచి చూడడం కష్టం, వీరపునాయునిపల్లె నుంచి చూడడం సులభం.

మా బామ్మర్ది కోరే ప్రయోగం ఇక్కడ ఎప్పుడో జరిగిపోయింది. పేదవాడికి అందుబాటులో ఉండే, లైసెన్సు అక్కరలేని, ఖర్చు తక్కువైన ఆయుధం రాయలసీమకు దశాబ్దాల కిందటే వచ్చింది. దాని పేరు నాటుబాంబు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల్లో పుట్టి పెరిగిన నా వయసువాడెవడైనా ఆ చప్పుడు వినకుండా పెరిగి ఉండడు. చవక ఆయుధం పేదవాడిని కాపాడే మాటే నిజమైతే, ఈ పాటికి మా సీమ పేదలు ప్రపంచంలోకెల్లా సురక్షితులై ఉండాలి. జరిగిందేమిటి? బాంబు చుట్టినవాడు పేదవాడు. చుట్టేటప్పుడు పేలి చెయ్యి పోగొట్టుకున్నవాడు పేదవాడు. విసిరినవాడు, పడినవాడు, జైలుకు పోయినవాడు పేదవాడే. విసరమన్నవాడు మాత్రం మేడ మీద ఉన్నాడు. చవక ఆయుధం పేదవాడి చేతికి వస్తుంది గాని, పేదవాడి కోసం రాదు. ఆ చేతిని కొనగలిగినవాడి కోసం వస్తుంది.

పోనీ, పిస్తోలు వేరు, అది ఆత్మరక్షణకు అంటారా? మా ప్రాంతంలో ఆత్మరక్షణ ఏర్పాట్లు అత్యధికంగా ఉన్నవాళ్ళ చరిత్ర చూడండి. పరిటాల రవీంద్ర చుట్టూ రక్షణ లేని రోజు లేదు. 2005 జనవరి 24న అనంతపురంలో, తన పార్టీ కార్యాలయం దగ్గరే, తుపాకీ కాల్పులకు బలయ్యాడు. ఆ కేసులో నిందితుడైన మద్దెలచెరువు సూరి 2011 జనవరి 3న హైదరాబాదులో, తన కారులో, తన అనుచరుడి చేతిలోనే కాల్పులకు బలయ్యాడు. అంగబలం, ఆయుధబలం ఉన్న ఇద్దరినీ ఆ బలం ఆదుకోలేదు. ఇంత జరిగాక మా పొరుగు పెద్దమనిషి పడకటింట్లో దిండు కింది పిస్తోలు ఎవరిని కాపాడుతుందో నాకు బోధపడదు.

కాపాడడం సరే, చంపడం మాత్రం చేస్తుంది. 2021 జూన్‌లో పులివెందుల మండలం నల్లపురెడ్డిపల్లెలో లైసెన్సు తుపాకితో ఒక మనిషి ఇంకొకరిని కాల్చి చంపి, తరువాత తనను తాను కాల్చుకున్నాడు. 2023 మార్చిలో పులివెందుల పట్టణంలో పట్టపగలు డబ్బు తగాదాలో పేలినది కూడా లైసెన్సు తుపాకే. ఒక ప్రాణం పోయింది. వీటిని పేల్చినవాళ్ళు ముఖానికి గుడ్డ కట్టుకున్న దొంగలు కారు. నిన్నటిదాకా పలకరించుకున్న ఊరివాళ్ళు. తుపాకి లేకపోతే ఆ తగాదాలు తిట్లతోనో, కర్రలతోనో, పెద్దమనుషుల పంచాయతీతోనో ముగిసేవేమో. కోపం నిమిషం ఉంటుంది. పిస్తోలుకు ఆ నిమిషం చాలు.

"ఇది రేనాటి గడ్డ బావా, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గడ్డ" అంటాడు మా వాడు, ఫోనులో గొంతు పెంచి. నిజమే. 1800లో ఈ సీమ కుంఫిణీ చేతికి వచ్చాక మన్రో దొర పాళెగాళ్ళ బలగాలను రద్దు చేశాడు. కట్టుబడుల మాన్యాలకు ఎసరు వచ్చింది. 1846లో నరసింహారెడ్డి వెనుక నిలిచినవారిలో ఆ కట్టుబడులున్నారు. 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఆయనను ఉరి తీశారు. ఆ ఆయుధం వెనుక ఒక ఊరుమ్మడి అన్యాయం ఉంది, ఒక ఉమ్మడి ఆగ్రహం ఉంది. పెళ్ళి ఊరేగింపులో గాలిలోకి కాల్చే పిస్తోలు వెనుక ఏముంది? (అలా కాల్చినా రెండేళ్ళ జైలు అని 2019 సవరణ చెబుతున్నది. అదే సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల హద్దును రెండుకు కుదించింది.) వీరుడి పేరు చెప్పుకుని నడుముకు పిస్తోలు వేలాడదీయడం, తాత మీసం చూపి మనుమడు గౌరవం అడుక్కోవడం వంటిది.

మూడో ఆక్షేపణ మాటకు సంబంధించినది. అక్కడి ఇంగ్లీషులో ఇలాంటి పిస్తోలును మెచ్చుకోలుగా 'షూటర్' అంటారట. అంటే గాజు బీరువాలో పెట్టుకునేది కాదు, చక్కగా కాల్చుకునేందుకు పనికివచ్చేది అని. మన తెలుగు పత్రికల్లో 'షూటర్' అంటే ఎవరు? కిరాయికి మనుషులను చంపేవాడు. ఒకే మాట రెండు నేలల మీద రెండు అర్థాలు మోస్తున్నదంటే తప్పు మాటది కాదు. అక్కడ తుపాకికీ మనిషికీ మధ్య ఒక రేంజి, ఒక క్రీడ, ఒక ఆదివారం ఉన్నాయి. మా మండలంలో సర్వరాయసాగర్ ఉంది, చీనీ తోటలున్నాయి, కాల్చి నేర్చుకునేందుకు ఒక రేంజి లేదు. మామ ఇన్నేళ్ళలో ఎన్ని తూటాలు కాల్చి ఉంటాడో నా చేతి వేళ్ళు చాలు లెక్కకు. కాల్చే చోటు లేని పిస్తోలు క్రీడాసాధనం ఎలా అవుతుంది? అది బెదిరింపు సాధనమో, హోదా గుర్తో మాత్రమే కాగలదు.

అలాగని అక్కడ క్షేమమా? 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేథలో పనయ్యాక స్నేహితుడితో కూర్చున్న తెలుగు ఇంజనీరును "మా దేశం నుంచి పో" అన్నవాడు కాల్చి చంపాడు. వాడు ఒకప్పుడు నౌకాదళంలో పనిచేసినవాడే. 2024 నవంబరులో అట్లాంటాలో ఉప్పల్ నుంచి వెళ్ళిన విద్యార్థి ఒకడు పుట్టినరోజునాడు తన కొత్త తుపాకిని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించాడు. వాడికి శత్రువులు లేరు. వేటకు వెళ్దామన్న సరదా మాత్రమే ఉంది. ఈ రెండో వార్త చదివినరోజు నేను మా బామ్మర్దికి ఫోను చేశాను. ఆ రోజు వాడు వాదించలేదు.

అయితే ఏమి చేయాలంటావు, అని అడుగుతారు. చెబుతాను. ఒకటి: సైన్యం పక్కనబెట్టిన పిస్తోళ్ళు సైన్యంలోనివారికైనా, బయటివారికైనా అమ్మడం మానాలి. కరిగించాలి, చరిత్ర ఉన్నవాటిని పేలకుండా చేసి ప్రదర్శనశాలల్లో పెట్టాలి. రెండు: గురికాల్పులు నేర్వాలనుకునే పేద పిల్లలకు దారి పాత సైనిక పిస్తోలు కాదు, గాలి తుపాకి. .177 బోరు లోపు, తక్కువ శక్తి గలవాటికి లైసెన్సే అక్కరలేదు. హైదరాబాదు గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్సులో కాంస్యం తెచ్చినది గాలి తుపాకితోనే. జిల్లాకు ఒక గాలి తుపాకి రేంజి పెడితే ప్రభుత్వానికి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. మూడు: అడవిపందుల నుంచి పంట కాపాడుకునే రైతుకు నునుపు గొట్టపు పొడుగు తుపాకి లైసెన్సు చట్టంలోనే ఉంది. అది ఏ సిఫారసూ లేకుండా అందాలి. పొడుగు తుపాకిని జేబులో దాచుకుని పెళ్ళికి పోలేరు కదా. నాలుగు: వారసులు ఆయుధాన్ని వదిలివేస్తామంటే ఆ దారి ఉంచుకుంటామన్న దారికంటే తేలికగా ఉండాలి. ఇప్పుడు 2016 నిబంధనల ప్రకారం డెబ్బై ఏళ్ళు నిండినవాడు గాని, పాతికేళ్ళుగా తుపాకి ఉంచుకున్నవాడు గాని బతికుండగానే వారసుడికి అప్పగించే వీలుంది. తుపాకిని పొలం మాదిరి, ఇల్లు మాదిరి తరానికి తరానికి అందించే ఆస్తిగా చూసే ఈ దృష్టే నాకు అభ్యంతరం.

ఇక మా ఇంటి సంగతి. పైన రాసినదంతా, ఇంత క్రమంగా కాకపోయినా, నేను మా అత్త ముందు చెప్పాను. ఆమె చదువుకున్నది కాదు. 1878 చట్టం గురించి గాని, కరాచీ తీర్మానం గురించి గాని ఆమెకు పట్టలేదు. అంతా విని, చాలాసేపటికి అన్నది:

"మీ మామ దాన్ని దిండు కింద పెట్టుకుని పండుకుంటే నాకు నిద్దర పట్టేది కాదు రా అబ్బోడా. తూటాలు తీసి జొన్నల కడవలో దాచేదాన్ని, ఆయప్ప ఎతుక్కునేవాడు. ఎలచ్చన్లొచ్చే తీసకపోయి టేసన్లో ఇచ్చొచ్చేవాడు గదా, అప్పుడు పండుకునేదాన్ని ఆదమరిచి. ఎలచ్చన్లు యాడాదికొకసారి వచ్చే బాగుండు అనుకునేదాన్ని."

దేశంలో ఎన్నికల సంస్కరణల గురించి పుంఖానుపుంఖాలుగా వ్యాసాలు చదివాను గాని, తరచుగా ఎన్నికలు కోరడానికి ఇంత న్యాయమైన కారణం ఎక్కడా కనబడలేదు. ఎన్నికల నియమావళి పేరుతో తుపాకులు ఠాణాకు చేరిన ఆ కొద్ది వారాలే ఆమె సంసారంలో శాంతికాలం. ముప్పై ఏళ్ళలో ఆ పిస్తోలు ఒక్క శత్రువును కూడా భయపెట్టలేదు. భయపెట్టినది ఇంటావిడను మాత్రమే.

ఆమె సంతకం పెట్టింది. బామ్మర్ది కూడా అక్కడి నుంచి అంగీకారపత్రం పంపాడు. దానితోబాటు నాకు రెండు వాక్యాల సందేశం, మర్యాదగా, చల్లగా. నాతో మునుపటిలా మాట్లాడడానికి వాడికి కొంతకాలం పడుతుంది. పెద్దమనిషి మా గడప తొక్కడం మానేశాడు. మనవరాలి ఫీజు నేనూ, మా చెల్లెలూ కలిసి కడుతున్నాము. అది కష్టంగానే ఉంది. లేదని చెప్పి త్యాగమూర్తిగా కనబడే ఉద్దేశం నాకు లేదు. ఆ పిస్తోలును అమ్మి ఉంటే ఈ కష్టం ఉండేది కాదు. చట్టప్రకారమే అమ్మి ఉండవచ్చు కూడా. ఏ తప్పూ జరగకపోయి ఉండవచ్చు.

కానీ నూరేండ్లైనా పేలుతుందన్నాడు కదా ఆ పెద్దమనిషి! ఆయన ఉండేది ఇంకో పదేళ్ళో, ఇరవై ఏళ్ళో. ఆ పైన మిగిలే ఎనభై ఏళ్ళు అది ఎవరి దిండు కింద ఉంటుందో, ఎవరి కోపానికి అందుతుందో ఆయనా చెప్పలేడు, నేనూ చెప్పలేను. చవక పిస్తోలుకు అసలు ఖరీదు ఆ ఎనభై ఏళ్ళు. దానిని ఇంకొకరి చేత కట్టించే హక్కు మాకు లేదనిపించింది.

విభేదించేవారు తప్పక విభేదించండి. బామ్మర్దితో అలవాటైపోయింది.